జోడీకి ఒకే వేలిముద్ర

కింద గజ్జెలు మళ్లీ మోగాయి. చెరకు రసం బండివాడు గెడను రోలర్ల మధ్య పెట్టి తిప్పినప్పుడల్లా చక్రానికి కట్టిన గజ్జెలు ఘల్లుమంటాయి. పిల్లలకు అది ముచ్చట, ఎండన పడి వచ్చినవాళ్లకు పిలుపు, మేడ మీద గంగారాం వకీలు గది ముందు బెంచీ మీద కూర్చున్న హీరికి మాత్రం లేని చెయ్యి నలుగుతుంది. లేని చెయ్యే. కుడి మోచేతి కింద జానెడు ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు, ఆ ఏమీ లేని చోట ఐదు వేళ్లూ ఒకదానిమీద ఒకటి ఎక్కి నుజ్జవుతున్నాయి, గోళ్లు ఊడుతున్నాయి, చిటికెన వేలి ఎముక పుటుక్కుమంటోంది. రెండేళ్ల కింద అయిపోయిన పనిని ఆ చెయ్యి ఇంకా ముగించలేదు. కామారెడ్డిలో ఇన్ని సందులుండగా ఈ వకీలుకు రసం బండి నెత్తినే గది దొరకాలా అని పళ్లు కొరికి, కొంగు లాగి మొండి చేతిని కప్పుకుంది. మోచేతి పైన తెల్లని బలియాలు ఇంకా అలాగే ఉన్నాయి, మొగుడు బతికుండగా తండాలో ఏ ఆడదీ వాటిని తియ్యదు, చెయ్యి పోయినా సరే. ఉన్న కాస్త చేతికి అన్ని గాజులా అన్నట్టు పొద్దున బస్సులో ఒకావిడ చూసింది, ఆ చూపు గుర్తొచ్చి ఆవిడ ముక్కు మీద ఒక్కటి గుద్దాలనిపించింది. గుద్దడానికి కుడి పిడికిలే వాటం. అది లేదు.

లోపల ఎవరిదో భూమి తగాదా నడుస్తోంది, గంట పడుతుందన్నాడు గుమాస్తా. గంటంటే ఎంతసేపో హీరికి బాగా తెలుసు, రెండేళ్లు కూర్చున్నదానికి గంట ఒక లెక్కా, కానీ ఈ గంట వేరు, ఎందుకంటే మెట్ల మీద మొగుడు తారాసింగ్ కూర్చున్నాడు, అతని కాళ్ల మధ్య సంచి ఉంది, ఆ సంచిలో చెరకు కత్తి ఉంది. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కినప్పుడు తెలియదు. లింగంపేట దాటాక మూలమలుపులో సంచి జారి వచ్చి పాదానికి తగిలింది, గోనెపట్టా చుట్టినా ఇనుము ఇనుమే, ఆ బరువు ఆమెకు తెలుసు, ఆ వంపు తెలుసు, రెండేళ్లుగా గుడిసె చూరులో వేలాడుతూ తుప్పు పట్టిన ఆ కత్తిని ఇంట్లో ఎవరూ ముట్టలేదు, ఊడ్చేటప్పుడు కూడా ఆమె దాని కింద వంగి వెళ్లేది. ఎందుకు తెచ్చావని అడగలేదు. అడిగితే చెబుతాడని భయం. ఇవాళ బెల్లం బజారు ఉంది, ఎల్లారెడ్డి దగ్గరి గానుగ నుంచి దాని యజమాని లక్ష్మీరాజం బెల్లం ముద్దలు వేసుకుని ఇక్కడికే వస్తాడు, తెల్లచొక్కా వేసుకుని, చంకలో తువ్వాల పెట్టుకుని, బస్టాండు ముందు హోటల్లో పూరీ తింటాడు. ఆ సంగతి తారాసింగుకూ తెలుసు.

పొడిస్తే పొడవనీ. ఒక్క క్షణం అలా అనుకుంది, అనుకోగానే కడుపులో చల్లగా ఉంది, లక్ష్మీరాజం పూరీ నోట్లో ఉండగానే మెడ మీద కత్తి దిగినట్టు, తెల్లచొక్కా మీద కూరా నెత్తురూ కలిసిపోయినట్టు. ఇది ఆమె చేసిన మొదటి హత్య కాదు. ఈ రెండేళ్లలో వాణ్ని ఎన్నిసార్లు చంపిందో. ఒకసారి బెల్లం కాగే కడాయిలో తోసింది, ఒకసారి వాడి కుడిచేతినే రోలర్లకు అందించింది, తొందరలేకుండా, ఒక్కో వేలూ, గానుగ ఇంజన్ నడిపే మైసన్నతో చెప్పి వేగం తగ్గించి మరీ. కానీ తల్లో చంపితే ఎవరూ జైలుకు పోరు. ఇవాళ ఇతను నిజంగా చంపితే వకీలు లేడు, కాగితం లేదు, ఎల్లారెడ్డి హాస్టల్లో చదువుకుంటున్న కూతురు సునీలను హంతకుడి బిడ్డ అంటారు, ఈ మిగిలిన బలియాలు కూడా ఎప్పుడో ఒకరోజు పగలగొట్టుకోవాలి. పైగా గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. శివరాత్రి ముందర పోయింది చెయ్యి, మళ్లీ మళ్లీ వచ్చి ఇప్పుడు మూడో శివరాత్రి దగ్గరికొచ్చింది, ఎడమచేతి బొటనవేలిని చూసుకుంది హీరి: రెండేండ్లు. బొటనవేలు అంటే రెండేళ్లు. రెండేళ్లలోపు నిజామాబాద్ లేబర్ ఆఫీసులో దరఖాస్తు పడాలి, ఆ తర్వాత ఎందుకు ఆలస్యమైందో చెప్పి బతిమాలుకోవాలి.

వేళ్ల మీద చట్టం నేర్పింది సుధారాణి. హాస్టల్ వార్డెన్, మెడలో చిన్న సిలువ, మాట మాత్రం కంసాలి సుత్తి. బిడ్డను చూడటానికి ఆదివారం పోయినప్పుడల్లా హీరి కొంగు కింద చెయ్యి దాచుకునేది, మూడోసారి ఆవిడే కొంగు పట్టుకుని పక్కకు తీసింది. అడిగింది. గడ్డి మిషన్ల పడ్డది మేడమ్ అని చెప్పింది హీరి, అందరికీ చెప్పినట్టే. "గడ్డి మిషన్ గిట్ల కొయ్యది హీరవ్వా, మా ఇంట్ల గూడ ఉన్నది మిషన్," అని ఆవిడ ఊరుకుంది. ఊరుకోవడం కూడా ఒక అడగడమే. నెల తర్వాత హీరి తానే చెప్పేసింది, హాస్టల్ వంటగది వెనక, అంట్లు తోమే రాయి మీద కూర్చుని, ఏడవకుండా. కోర్టులో పెట్టిన న్యాయ శిబిరం నుంచి ఆవిడ ఒక పలచని పుస్తకం తెచ్చి చదివింది. "వకీలు కాడికి పోయే ముందు నీకు నువ్వు తెలుసుకోవాలె. ఏం తెల్వకుండ పోతే, ఆయన ఏది చెప్తే అదే నీ కేసు అయితది. చదువు రాదంటవా, వేళ్లున్నయి గద, వాటి మీద పెట్టుకో." ఆ తర్వాత సమ్మె వచ్చింది, సకల జనులూ చేతులు ముడుచుకు కూర్చున్న ఆ నలభై రోజులూ బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు, తెలంగాణ రావాలని హీరి కూడా తండావాళ్లతో రోడ్డు మీద కూర్చుంది, కూర్చుని మనసులో మాత్రం వేళ్లు లెక్కపెట్టుకుంది, బొటనవేలు తరుగుతోంది, తరుగుతోంది అని.

చూపుడు వేలు: పనికి తోలుకొచ్చింది ఎవరైనా, పని ఎవరిదో జవాబు వాడిదే. మధ్యవేలు: నీ పొరపాటు ఉన్నంత మాత్రాన నీ హక్కు పోదు, తాగి ఉంటేనో, ప్రాణానికి జాగ్రత్త అని గట్టిగా చెప్పిన మాటను కావాలని కాలదన్నితేనో తప్ప. ఈ మధ్యవేలు దగ్గరే ఆమెకు ప్రతిసారీ నొప్పి. చెప్పాడా వాడు? చెప్పాడనే అనుకోవాలా? ఆ పొద్దున గెడలు అందిస్తుంటే లక్ష్మీరాజం వచ్చి బలియాల వైపు చూసి నవ్వాడు. "అన్ని గాజులేందే, నీ మొగడు సస్తే అవి తియ్యనీకే దినమంత పడ్తది." అది జాగ్రత్త చెప్పడమా? కూలోళ్లందరూ నవ్వారు, తారాసింగ్ కూడా నవ్వాడు పాపం, కడాయి దగ్గర నురగ తీస్తూ. ఆ నవ్వు ఇంకా గాలిలో ఉండగానే గెడ కణుపు ఒకటి ముంజేతి బలియాల మధ్య ఇరుక్కుంది. చిన్న కణుపు. చెయ్యి వెనక్కి లాగింది, గెడ ముందుకు లాగింది, బలియా పగలకుండా వంగింది, ఎవడు చేశాడో గానీ గట్టి సరుకు, వేళ్లు పోయాయి. నొప్పి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం, చెరకులాగే తన చెయ్యి కూడా బల్లపరుపుగా అవతలికి వెళ్తోందని, పిప్పిలో ఎర్రగా ఏదో పడుతోందని, రసం దొనెలోకి కారుతున్నది రసం కాదని.

అరిచింది. ఇంజన్ దగ్గర మైసన్న ఉన్నాడు, ముసలోడు, చెయ్యి మీట మీదే ఉంది, ఒక్క లాగుడు, అంతే. లాగకుండా లక్ష్మీరాజం వైపు చూశాడు. ఆ చూపును హీరి ఎన్నటికీ మరిచిపోదు, ముప్పై ఏళ్లు జీతం చేసిన మనిషి మెడ దానంతట అది యజమాని వైపు తిరిగింది. లక్ష్మీరాజం అన్నాడు: "బంద్ జేస్తే మల్ల ఇంజన్ చాలూ కాదుర, కడాయి మాడుతది, ఉండు, గెడతోని నూకు." గెడతో తోయమన్నాడు. లోపలికా, బయటికా. మణికట్టు వెళ్లింది. ఎముక విరిగేటప్పుడు పచ్చి కట్టె విరిగిన చప్పుడే వస్తుంది, వేరే ఏమీ కాదు. అప్పుడు తారాసింగ్ వచ్చాడు, మంట దగ్గర మొహమంతా కందిపోయి, చేతిలో కత్తి. ఆమె కళ్లలోకి చూడలేదు. చేతి వైపే చూశాడు, చెరకు తోటలో మొదలు చూసుకుని నరికినట్టు, ఒకటి, తెగలేదు, రెండు, తెగలేదు, అతని నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, మూడు. ఆమె వెనక్కి పడింది. చెయ్యి ముందుకు వెళ్లిపోయింది. ఇంజన్ ఆగలేదు. ఆ పూట బెల్లం కూడా దిగిందట.

ఆ బెల్లం ఎవరు తిన్నారో. ఏ ఇంట్లో పాయసం చేసుకున్నారో. కింద గజ్జెలు. "నిమ్మకాయ ఎక్కువ పిండు అన్నా," అని ఎవరో అంటున్నారు. హీరి మోకాళ్ల మీదికి వంగింది, బెంచీ పక్కన కూర్చున్న పెద్దాయన జరిగి కూర్చున్నాడు, తాగి వచ్చిందనుకున్నట్టుంది. నీ తల పగలా. దవాఖానకు జీపులో పడేసి తీసుకుపోతున్నప్పుడు లక్ష్మీరాజం కూడా ఇలాగే జరిగి కూర్చున్నాడు, ముందు సీట్లో, చొక్కాకు నెత్తురు అంటకుండా. దారిలో వెనక్కి తిరిగి నెమ్మదిగా చెప్పాడు, ఆ గొంతులో దయ కూడా ఉంది. "నరికింది నీ మొగడే గద హీరీ. పదిమంది చూసిండ్రు. పోలీసోళ్లు అడిగితే నేను అబద్ధం చెప్పలేను. ఆయన లోపలికి పోతడు. ఇంట్ల గడ్డి మిషన్ల పడ్డదని చెప్పు, ముచ్చట ఒడిసిపోతది." డాక్టరు అడిగినప్పుడు ఆమే చెప్పింది. నోరు ఆమెదే, స్పృహ ఉంది, గడ్డి మిషన్ అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాదు ఇది, చెయ్యి పోయాక మొగుణ్ని పట్టుకోవడం. మూడో రోజు లక్ష్మీరాజం బత్తాయిలు పట్టుకొచ్చి ఒక కాగితం మీద తారాసింగ్ వేలు వేయించుకున్నాడు, ఇక ఏ తగాదా లేదని. ఆమెది అడగలేదు. గానుగ పుస్తకంలో కూడా ఆమె పేరు లేదు, తారాసింగ్ జోడీ ఒకటి అని ఉంటుంది, తండా నుంచి పనికి పోయే మొగుడూ పెళ్లాలందరూ అంతే, ఇద్దరి కష్టానికి ఒక పేరు, ఒక వేలిముద్ర. అందులో తప్పుందని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు, జోడీ అంటే జోడీయే కదా, ఎడ్లకు వేరువేరుగా పేర్లు రాస్తారా. రాస్తారు, అంది సుధారాణి, సంతలో ఎడ్లకు కూడా వేరువేరుగా చీటీ రాస్తారు. ఉంగరం వేలు: ఆఫీసు పుస్తకంలో దర్జు కాని రాజీ కాగితం నిన్ను కట్టెయ్యదు.

ఆ రోజు నుంచీ తారాసింగ్ ఆమె కుడివైపు పడుకోడు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమవైపే కూర్చుంటాడు. చెరకు పనికి పోడు, గాంధారిలో మట్టి పనికి పోతాడు, ఒకరోజు మేకను కోయమంటే కత్తి కింద పడేసి చెట్ల వెంట పరిగెత్తాడట, తండా అంతా నవ్వింది. ఆమెను ఒక్క మాట అనలేదు, ఒక్కసారైనా ఆ మొండిని ముట్టుకోలేదు. ముట్టుకోరా, అని అరవాలనిపించేది. నువ్వే కదా చేశావు, నువ్వే కదా బతికించావు, ముట్టుకో. లేకపోతే ఆ కత్తితో మిగతాది కూడా నరికెయ్. కోపం ఎవరి మీదో తెలియకుండా అందరి మీదా ఉండేది, దేవుడి మీద, కణుపు మీద, ఆ బలియా చేసినవాడి మీద, మైసన్న మెడ మీద. కానీ నరికాడు, నరికాడు, నీ మొగుడే నరికాడు అని లక్ష్మీరాజం కనబడినప్పుడల్లా కళ్లతో అనేవాడు, సంతలో, బస్టాండులో, ఒకసారి మైసమ్మ గుడి దగ్గర కూడా. పోలీసులకు చెప్తానంటాడు. ఏమని చెప్తాడు? తారాసింగ్ పెళ్లాం చెయ్యి నరికాడని. ఎక్కడ?

ఎక్కడ నరికాడు?

హీరి నిటారుగా కూర్చుంది. నరికాడని చెప్పాలంటే ఎక్కడో చెప్పాలి. గానుగ దగ్గర అని చెప్పాలి. గానుగ దగ్గర ఆమె ఎందుకుంది? నరకడం ఎందుకు? చెయ్యి రోలర్లలో ఉంది కాబట్టి. ఇంజన్ ఎందుకు ఆపలేదు? ఆ ఒక్క మాట పోలీసులకు చెప్పిన రోజు గడ్డి మిషన్ అబద్ధం వాడి నోటితోనే చస్తుంది, వాడి గానుగ వాడి నోటితోనే బయటికొస్తుంది. వాడు చెప్పలేడు. రెండేళ్లుగా వాడు చెప్పలేడు. తాళం వేసి భయపెట్టినవాడి తాళంచెవి కూడా ఆ బెదిరింపుకే కట్టి ఉంది, ఇన్నాళ్లూ తనే చూసుకోలేదు. నవ్వొచ్చింది. నిజంగా నవ్వింది, బయటికే, పెద్దాయన ఈసారి లేచి వెళ్లి గోడకు ఆనుకున్నాడు. రెండేళ్లు! దద్దమ్మా, మొద్దూ, అని తనను తాను తిట్టుకుంది, తిట్టుకుంటుంటే కళ్లవెంట నీళ్లు కారాయి. ఈ మాట ఇప్పుడే అతనికి చెప్పాలి, ఆ సంచి విప్పకముందే, బజారు వైపు కదలకముందే. లేచి మెట్ల దగ్గరికి పోయింది. మొగుడి పేరు ఆమె నోటితో అనదు. "సునీల బాపూ," అంది తమ తండా బోలీలో. అతను తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సంచి తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. చెప్పబోయింది. వెనక నుంచి గుమాస్తా పిలిచాడు, ఎల్లారెడ్డి నుంచి వచ్చినోళ్లు ఎవరు, రండి అని. తారాసింగ్ లేచాడు. బజారు వైపు దిగలేదు. సంచితో సహా ఆమె ముందు నడిచి లోపలికి వెళ్లాడు, అప్పుడు హీరికి ఇంకా ఎక్కువ భయమేసింది.

వకీలు గంగారాం బక్కపలచని మనిషి, ముక్కు మీదికి జారిన అద్దాల్లోంచి కాగితాలు చూస్తున్నాడు. సుధారాణి పంపిన దవాఖాన చీటీ చదివాడు, పెదవి విరిచాడు. "చీటీల గడ్డి మిషన్ అని రాసున్నది గదమ్మా. మరి గానుగ మీద కేసెట్ల అయితది? అసలు చెయ్యి తెగింది దేనితోని?" చిటికెన వేలు: వకీలుకు అబద్ధం చెప్పొద్దు. నోరు తెరిచింది. మాట రాకముందే పక్కన గోనెపట్టా విప్పిన చప్పుడు. కత్తి బల్ల మీద పడింది, తుప్పు రాలింది, వకీలు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు, గుమాస్తా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. హీరి ఎడమ చెయ్యి దానంతట అదే తారాసింగ్ భుజాన్ని పట్టుకుంది.

"గిదే కత్తి సార్," అన్నాడు. రెండేళ్లలో బయటివాళ్ల ముందు అతను ఆ మాట ఎత్తడం ఇదే మొదలు. "నేనే నరికిన. మూడు దెబ్బలు. మొదటి దెబ్బకే తెగాలె, తెగలే. ఆమె నా కోసమే అబద్ధం చెప్పింది. నన్ను జేల్ల ఎయ్యుండ్రి, ఆమె కాగితం ఆమెకు చెయ్యుండ్రి."

వకీలు కత్తిని చూశాడు. "ఎందుకు నరికినవ్?" అన్నాడు. హీరి చెప్పింది. "నా చెయ్యి గానుగల ఉండె సార్. చెయ్యి ఎంబడి నేను గూడ పోతుంటి. ఇంజన్ ఆపుమంటే ఆపలే, లక్ష్మీరాజం ఆపొద్దన్నడు. మైసన్న విన్నడు. సాక్ష్యం చెప్తడో చెప్పడో నాకు తెల్వదు. లక్ష్మీరాజం మాత్రం నా మొగడు నరికిండని చెప్తడు. చెప్పనీయుండ్రి సార్, ఎక్కడ నరికిండో గూడ వాన్నే చెప్పుమనుండ్రి." వకీలు అద్దాలు పైకి తోసుకుని మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. కత్తిని మళ్లీ పట్టాలో చుట్టమన్నాడు. నిజామాబాద్ పోవాలి, రేపే, అన్నాడు. ఎంత నడుస్తుందో చెప్పలేనన్నాడు, ఏడాది పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. ఫీజు ముచ్చట ఎత్తితే వచ్చినదాంట్లో వాటా అడగొద్దు సార్ అని ఆమే ముందు చెప్పింది, ఆయనకు కోపం రాలేదు, నవ్వాడు. వకాలత్ కాగితంలో ఖాళీలన్నీ నింపించి చదివించుకుంది. హీరి, భర్త తారాసింగ్. ముందు ఆమె పేరే. కాగితం మీద తన పేరు ఒంటరిగా మొదటి వరుసలో ఉండటం విని ఒళ్లు జలదరించింది.

గుమాస్తా ఇంకు డబ్బా మూత తీశాడు. ముప్పై ఏళ్లుగా వేలిముద్రలు వేయించిన చెయ్యి, అలవాటు కొద్దీ బల్ల అవతలికి చాపాడు, కాగితం వైపే చూస్తూ. "మొగోళ్లది ఎడమ, ఆడోళ్లది కుడి. కుడి బొటనవేలు ఇయ్యమ్మా."

కింద గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. హీరి కొంగు తీసి, కుడిచెయ్యి ఉన్నంతవరకు తెచ్చి కాగితం పక్కన పెట్టింది. అప్పుడు తారాసింగ్ వంగి, కత్తి పట్టిన ఆ చేత్తోనే, ఆ మొండిని కింది నుంచి మెల్లగా పట్టుకున్నాడు.

"ఆ వేలు లక్ష్మీరాజం గానుగల ఉన్నది సార్," అంది హీరి. "గది గట్లనే రాయుండ్రి. రాసినంక ఎడమది ఏస్త."